మొగమాటము మీద వ్యాపారము

అబద్ధము ఒక్కటి కూడ చెప్పకుండ, తూకము తగ్గించకుండ, సరుకు మార్చకుండ ఒక మనిషికి అన్యాయము చేయవచ్చునా? ఈ ప్రశ్న నాకు పుస్తకములు చదివి కలిగినది కాదు. 1993లో నేను వంటింటి కత్తులు సంచిలో పెట్టుకొని ఇంటింటికి తిరిగి అమ్మిన ఏడు నెలలలో కలిగినది. ఆ పని మాని ముప్పది సంవత్సరములు దాటినది. ప్రశ్న మాత్రము నన్ను వదలలేదు. మన కుటుంబములలోని పిల్లలు కొందరు చదువుకుంటూనే ఇట్టి పనులలోనికి వెళ్లుచున్నారు. ఒకరు నీరు శుభ్రపరచు యంత్రము, ఒకరు బీమా, ఒకరు వంటపాత్రలు పట్టుకొని మన తలుపులే తట్టుచున్నారు. గనుక నా సంగతి వ్రాయుట వ్యర్థము కాదని అనుకొనుచున్నాను.

మా తాతగారు చిత్తూరు జిల్లా నుండి కోలారు బంగారు గనులకు వచ్చినవారు. మా నాయన కూడ గనిలోనే పని చేశారు. గనులు మూతపడినది 2001 ఫిబ్రవరి 28న గాని, మా వయస్సు వారికి లోపల పని దొరకదని దానికి చాలా ముందే తెలిసిపోయినది. మారికుప్పములో తెల్లవారక ముందు రైలెక్కి బెంగుళూరు పోవుట, రాత్రికి తిరిగి వచ్చుట, ఇదే మాకు మిగిలిన దారి. నేను బి.కాం. రెండవ సంవత్సరము తప్పి యున్నాను. చురుకైన యువకులు కావలెనని, అనుభవము అవసరము లేదని పత్రికలో ప్రకటన చూచి వెళ్లాను. ఆ కంపెనీ పేరు ఇక్కడ అవసరము లేదు. మూడు రోజులు జీతము లేని శిక్షణ, నమూనా సంచికి 500 రూపాయల డిపాజిట్టు. ఆ డిపాజిట్టు చివర పైసా తగ్గకుండ తిరిగి ఇచ్చారు, అది కూడ చెప్పుట న్యాయము.

శిక్షణలో మొదటి రోజు కత్తులు చూపలేదు. తెల్లకాగితము ఇచ్చి, మీకు తెలిసినవారు 100 మంది పేర్లు వ్రాయండి అన్నారు. మిగిలినవారు ముప్పది నలుబది పేర్ల దగ్గర ఆగి పెన్ను కొరుకుచుండగా నేను ఒక గంటలో నూరు పూర్తి చేశాను. ఎట్లనగా, ఆదివారము మన గుడిలో ఎవరెవరు ఏ బల్ల మీద కూర్చుందురో ఆ వరుసనే వ్రాసుకుంటూ పోయాను. శిక్షణ ఇచ్చునతడు నన్ను మెచ్చుకొని అందరికి ఆ కాగితము ఎత్తి చూపాడు. ఇంటికి వచ్చినప్పుడు మా అమ్మ దానిని చూచి, "ఇదేందిరా, చందాల లిస్టు మాదిరి ఉండాది" అన్నది. నవ్వి ఊరుకొన్నాను.

ఈ పద్ధతి మా కంపెనీ కనిపెట్టినది కాదని తరువాత తెలిసికొన్నాను. అమెరికాలో కట్కో అను వంటింటి కత్తుల కంపెనీ యున్నది. 1949లో అల్కోవా అను అల్యూమినియము కంపెనీయు, కేస్ అను కత్తుల కంపెనీయు కలిసి దానిని ఆరంభించినవి. కర్మాగారము న్యూయార్క్ రాష్ట్రములోని ఓలియన్ అను చిన్న పట్టణములో యున్నది. కత్తులు మంచివే. ఎంతకాలమైనను హామీ యున్నదని చెప్పి అమ్ముదురు, పదును పోయినవి పంపితే సాన పట్టి తిరిగి పంపుదురు. వాటిని ఎక్కువగా అమ్మునది వెక్టర్ మార్కెటింగ్ అను సంస్థ ద్వారా చేరు కాలేజీ విద్యార్థులు. వారు కూడ మొదట అమ్మ, అత్త, పొరుగువారు, చిన్ననాటి ఉపాధ్యాయులు అని తెలిసినవారి పేర్లు వ్రాసికొని వారి యిండ్లకే పోవుదురు. అక్కడ తాడు కోసి చూపుదురు, కత్తెరతో రాగిపూత నాణెమును కత్తిరించి చూపుదురు. ఒక యింట అమ్మకము అయిన తరువాత, కాకపోయిన తరువాత కూడ, ఆ యింటివారిని మరికొన్ని పేర్లు అడుగుదురు. మన దేశములో 1982లో యురేకా ఫోర్బ్స్ వారు టై కట్టిన యువకులను ఇండ్లకు పంపి దుమ్ము లాగు యంత్రములు, తరువాత అక్వాగార్డులు అమ్మించుట మనకు బాగుగా గుర్తున్నది. మా నాలుగు వీధుల కంపెనీ ఇట్టి పెద్దలను చూచి నేర్చుకొన్నదే అయియుండును.

ఇక్కడ కత్తుల విషయము కొంచెము చెప్పవలెను. నేను అమ్మబోయిన వస్తువు మన వంటిండ్లలో ఖాళీగా ఉన్న చోటునకు వచ్చినది కాదు. మనకు కత్తిపీట ఉన్నది. కన్నడిగులకు ఈళిగె మణె, తమిళులకు అరివాళ్మనై, మరాఠీవారికి విళీ, ఒడియావారికి పనికి. పేర్లు వేరైనను సాధనము ఒక్కటే. కత్తి కదలదు, కాయగూర కదులును. రెండు చేతులు ఖాళీగా ఉండును. నేల మీద కూర్చుండి వంకాయ మొదలు చేప వరకు దానితోనే అగును. ఇనుప అలుగు గనుక తుప్పు పట్టును గాని రాతి మీద నాలుగు సార్లు గీస్తే పదును వచ్చును. చేతి కత్తికి మన యిండ్లలో పని కలిగినది గ్యాసు పొయ్యి వచ్చి, నిలువు గట్టు కట్టి, నిలబడి వండుట మొదలైన తరువాతనే. బెంగుళూరు ఫ్లాట్లలో అప్పటికే ఆ మార్పు వచ్చినది. మా గని లైన్లలో ఇంకను రాలేదు. నా నూరు పేర్లలో తొంభై లైన్లలోనివే.

నాకు నేర్పిన ప్రదర్శన ఇట్లుండెను. ముందు, "మీ ఇంటి కత్తి తెండి" అని అడగవలెను. వారు సంవత్సరములుగా సాన చూడని మొద్దు కత్తి తెత్తురు. దానితో లావు కొబ్బరి తాడు కోయమనవలెను. అది నలుగునే గాని తెగదు. అప్పుడు మన రంపపు పళ్ల కత్తి ఇచ్చి కోయమనవలెను. రెండు లాగులకు తెగిపోవును. రంపపు పళ్లు తాడును, రొట్టెను తేలికగా కోయునని, ఉల్లిపాయ సన్నగా తరుగుటకు నున్నని అంచే మేలని శిక్షణలో ఎవరును చెప్పలేదు. కొత్త పదునును పాత మొద్దుతో పోల్చుట సరియైన పోలిక కాదని అప్పుడు నాకు తోచలేదు. తప్పుడు త్రాసు గురించి మనము చిన్నప్పటి నుండి విని యున్నాము. ఇక్కడ త్రాసు సరిగానే ఉండును. ఎదుటి పళ్లెములో ఏది పెట్టవలెనో మాత్రము అమ్మువాడే నిర్ణయించును.

అయితే నా మనస్సును పట్టుకొన్నది ఈ ప్రదర్శన కాదు. ప్రదర్శన ఓడిపోయిన ఇంటిలో జరిగిన అమ్మకము.

మా పక్క లైనులో ఒక విధవరాలు ఉండేది. మేము పెద్దమ్మ అని పిలిచేవారము గాని రక్తసంబంధము కాదు. ఆమె భర్త గని దుమ్ము వలన ఊపిరితిత్తులు పాడై చనిపోయిరి. ఆమె తెల్లవారుజామున ఇడ్లీలు పోసి అమ్మి కొడుకును చదివించుచున్నది. ఇడ్లీ ఒక్కటి అర్ధరూపాయి. నా జాబితాలో ఆమె పదునాలుగవ పేరు. వెళ్లాను, కాఫీ ఇచ్చినది, సంచి తెరిచాను. "పెద్దమ్మా, మీ కత్తి తెండి, ఈ తాడు కోయండి" అన్నాను. ఆమె గోడకు ఆనించిన కత్తిపీట వాల్చి, కాలితో తొక్కిపట్టి, తాడును దాని మీద ఒక్కసారి లాగినది. రెండు ముక్కలై క్రిందపడినది. "తెగింది గదా నాయనా" అన్నది.

తరువాత ఏమి చెప్పవలెనో నాకు నేర్పిన పాఠములో లేదు. చెక్క పలక మీద టమాట పలుచగా కోసి చూపాను. ఆమె టమాటను చూడలేదు, నన్ను చూచినది. చొక్కా కాలరు చెమటతో తడిసి యుండెను. "ఎంతవుతుంది?" అని అడిగినది. ఆరు కత్తులు, ఒక కత్తెర, ఒక పలక, 840 రూపాయలు అన్నాను. మూడు వాయిదాలలో 280 చొప్పున ఇచ్చెదనని, మొదటి వాయిదా అప్పుడే బియ్యపు డబ్బాలో నుండి తీసి ఇచ్చినది. ఆ నెలలో అది నా తొమ్మిదవ అమ్మకము. ఆఫీసులో చప్పట్లు కొట్టారు.

840 రూపాయలు అనగా 1,680 ఇడ్లీలు. ఆ లెక్క నేను చాలా కాలము తరువాత వేసికొన్నాను. ఆ రోజు వేసిన లెక్క వేరు. నా కమీషను నూటికి 15, అనగా 126 రూపాయలు.

ఇందులో నేను చెప్పిన అబద్ధము ఏది? ఒక్కటియు లేదు. కత్తులు తుప్పు పట్టవన్నాను, పట్టలేదు. ధర దాచలేదు. ఆమె వద్దనలేదు. అయినను ఆమె కత్తులు కొనలేదని నాకు ఆ రోజే తెలియును. ఆమెకు కత్తి అవసరము లేదని తాడే రుజువు చేసినది. ఆమె కొన్నది మా అమ్మతో ఇరువది సంవత్సరముల స్నేహమును, నేను బి.కాం. తప్పి వట్టి చేతులతో తిరుగుచున్నానను జాలిని. మన భాషలో దీనికి మొగమాటము అని పేరు. ఎదుట కూర్చున్న ముఖమును చూచి కాదనలేకపోవుట. మంచి మనుష్యులకే అది ఎక్కువ ఉండును. ఆ బలహీనత మీదనే, కాదు, ఆ మంచితనము మీదనే మా కంపెనీ అంగడి పెట్టినది.

మీలో కొందరు అడుగుదురు: తెలిసినవారి దగ్గర కొనుట తప్పా? మనవాడు అంగడి పెడితే మనము అక్కడనే బియ్యము కొనమా? కొందుము, కొనవలెను కూడ. పరాయి రాష్ట్రములో మనము నిలబడినది అట్లు ఒకరినొకరు నిలబెట్టుకొనుట వలననే. పెద్దమ్మ నాకు సహాయము చేయదలచినది, చేసినది, అందులో బాధ ఏమి? నేను కూడ చాలా కాలము ఈ మాటతోనే నన్ను నేను సమాధానపరచుకొన్నాను.

కాని లెక్క చూడండి. ఆమె నా కొరకు ఇచ్చిన 840లో నాకు చేరినది 126. మిగిలిన 714 ఆమె ముఖము ఎన్నడు చూడని వారికి పోయినది. అట్టి కత్తులు రాబర్ట్‌సన్‌పేట బజారులో 300 రూపాయలకు దొరికెడివని నా అంచనా. "పెద్దమ్మా, ఇందులో నాకు వచ్చునది 126 మాత్రమే" అని నేను చెప్పి యుంటే ఏమి జరిగెడిది? ఆమె 126 రూపాయలు నా జేబులో పెట్టి, సంచి మూయించి, మరి ఒక కాఫీ ఇచ్చి పంపెడిది. అందులో నాకు సందేహము లేదు. అంటే ఆ అమ్మకము నేను చెప్పని ఒక మాట మీద నిలిచి యున్నది. కమీషను గురించి యింటివారితో మాటలాడవద్దని మాకు ముందే చెప్పి యుండిరి. ఎందుకు చెప్పిరో అప్పుడు ఆలోచించలేదు.

అంగడివాడు కూడ తన లాభము చెప్పడు గదా అనవచ్చును. నిజమే. అయితే అంగడికి పోయిన మనిషి బియ్యము కొరకు పోయినది. బియ్యము చూచును, ధర చూచును, రెండు సరిపోతే తీసికొనును. అంగడివానికి అందులో ఎంత మిగిలినదో ఆమెకు అవసరము లేని సంగతి. పెద్దమ్మ నన్ను చూచి కొన్నది. ఆమె దృష్టిలో సరుకు నేనే. అట్టప్పుడు నాకు ఎంత చేరుచున్నదనునది ఆ సరుకు యొక్క తూకము. దానిని దాచుట తూకము దాచుటయే. నాకు ఈ సంగతి తేటపడుటకు పది పన్నెండు సంవత్సరములు పట్టినదని ఒప్పుకొనుటకు సిగ్గుగా నున్నది.

ఆ ఏడు నెలలలో సిగ్గు లేకుండ తలచుకొనగల అమ్మకము కూడ ఒకటి ఉన్నది. జయనగరములో ఒక కన్నడ గృహిణి. నన్ను ఎరుగదు, నేను ఆమెను ఎరుగను. తలుపు సగము తెరిచి నిలబెట్టే మాటలాడినది. తాడు కోయబోతే, "తాడు మేము వండుకోము, ఉల్లిపాయ కోసి చూపు" అన్నది. కోశాను. ఒక్కొక్క కత్తి చేతిలో పట్టి చూచి, అయిదు వద్దని, కూరలు తరుగు చిన్న కత్తి ఒక్కటి చాలునని, 70 రూపాయలకు బేరము చేసి తీసికొన్నది. వద్దని మొదటిసారి అన్నప్పుడు అది ముగింపు కాదని, ఆరంభమని మాకు నేర్పి యుండిరి. ఆమె దగ్గర ఆ పాఠము పనికిరాలేదు. నాకు మిగిలినది పది రూపాయల పైచిలుకు. అయితే ఆమె ముందు నేను అమ్మువాడను, ఆమె కొనునది, అంతే. ఆమెకు వద్దనుటకు తలుపు ఉన్నది. పెద్దమ్మకు ఆ తలుపు లేకుండ చేసినది మా అమ్మ స్నేహము. దానిని నేను లోపలికి తీసికొనిపోయాను, నా సొంతము కానిదానిని.

చిన్నప్పుడు మా లైన్లకు సాన పట్టువాడు వచ్చేవాడు. సైకిలు స్టాండు వేసి, వెనుక చక్రము త్రొక్కుచు రాయి తిప్పేవాడు. వీధిలో నిలబడి కేక వేసేవాడే గాని గడప దాటేవాడు కాడు. అవసరమున్నవారు కత్తి తీసికొని బయటికి పోయేవారు, లేనివారు ఆ కేక విననట్లు పని చేసికొనేవారు. ఎవరికి మొగమాటము లేదు. అతడును కత్తుల మీద బ్రతికినవాడే. వ్యాపారము తప్పు కాదు, యింటింటికి తిరుగుట తప్పు కాదు అని నేను అనుటకు అతడే నాకు సాక్షి.

గడపకు లోపల జరుగు అమ్మకము వేరని ప్రభుత్వములు కూడ గ్రహించినవి. అమెరికాలో 1972లోనే ఒక నియమము చేశారు. యింట జరిగిన అమ్మకమును కొన్నవారు మూడు పనిదినములలో కారణము చెప్పకుండ రద్దు చేసికొనవచ్చును. ఆ హక్కు ఉన్నదని అమ్మినవాడే నోటితో చెప్పి, రద్దు పత్రము రెండు ప్రతులు ఇవ్వవలెను. మన దేశములో 2021 డిసెంబరు 28న ప్రత్యక్ష అమ్మకముల నియమములు వెలువడినవి. వాటి ప్రకారము అమ్మువాడు గుర్తింపు కార్డు లేకుండ, ముందుగా అనుమతి తీసికొనకుండ యింటికి పోరాదు. తాను ఎవరో, ఎందుకు వచ్చెనో మొదటనే స్పష్టముగా చెప్పవలెను. మంచి నియమములే. మూడు రోజులు గడువు ఉన్నను పెద్దమ్మ రద్దు చేసెడిదా? చేయదు. నన్ను మరునాడు ఆదివారము గుడిలో చూడవలెను గదా. చట్టము పరాయివాని నుండి కాపాడగలదు, తెలిసినవాని నుండి కాపాడుట దాని వలన కాదు.

నాతోపాటు చేరిన స్నేహితుడొకడు ఆ పనిలోనే మూడు సంవత్సరములు ఉండి, మాట నేర్చి, తరువాత మందుల కంపెనీలో పెద్ద ఉద్యోగి అయినాడు. అతనికి ఈ వ్యాసము సంగతి చెప్పగా ఒప్పుకొనలేదు. "నీవు ఆమెను చిన్నపిల్లను చేయుచున్నావు. ఆమె భర్త లేకుండ కొడుకును పెంచిన మనిషి. 840 రూపాయలు ఎక్కడ ఖర్చు పెట్టవలెనో ఆమెకు తెలియదా? ఆమె యిష్టముతో ఇచ్చినదానిని నీవు అన్యాయము అనుట ఆమెను తక్కువ చేయుట" అన్నాడు. ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. అతనికి ఆ పని నిజముగా మేలు చేసినది. నలుగురి ముందు నోరు తెరవలేని వానికి ధైర్యము ఇచ్చినది. నాకు కూడ కొంత ఇచ్చినది. అయినను ఒక్క సంగతి అతనిని అడిగాను: మూడు సంవత్సరముల తరువాత నీ జాబితాలోని వారు నీవు వీధిలో వచ్చుట చూచి ఎట్లుండిరి? కొంతసేపు ఆగి, "కొందరు పక్క సందులోనికి తిరిగేవారు" అన్నాడు.

కంపెనీకి దీనితో నష్టము లేదు. నా నూరు పేర్లు అయిపోయిన నెలలోనే నా అమ్మకములు పడిపోయినవి. నాపై ఎవరును కోపపడలేదు. తరువాతి సోమవారము కొత్త పిల్లలు పన్నెండుమంది వచ్చి, అదే గదిలో కూర్చుండి, తెల్లకాగితముల మీద పేర్లు వ్రాయుచుండిరి. అప్పుడు తోచినది, ఆ గోదాములో నిలువ ఉన్న అసలు సరుకు కత్తులు కాదని. నేను ఆ వారమే సంచి తిరిగి ఇచ్చివేశాను. ఏదో గొప్ప నిర్ణయము చేసి మానలేదు, పేర్లు లేక మానాను.

ఇప్పుడు మన పిల్లలు నా యింటికి వచ్చినప్పుడు నేను మొదట ఒకటి అడుగుచున్నాను: "ఇందులో నీకెంత వస్తుంది, అబ్బాయీ?" కొందరు చెప్పుదురు, కొందరు ముఖము ఎర్రబరచుకొందురు. చెప్పినవానితో, వస్తువు నాకు కావలెనో లేదో ఇద్దరము కూర్చుండి చూచుకొందుము. అక్కరలేకపోతే వానికి రావలసినంత ఫీజు కొరకు ఇచ్చి పంపిన సందర్భములు రెండున్నవి. ఒకడు తీసికొనలేదు, అమ్మి సంపాదించుకొందునన్నాడు. వాడు నాకంటె మేలు.

పెద్దమ్మ 2009లో పోయినది. మూడు వాయిదాలును ఆమె తప్పక కట్టినది, ఒక్క రోజు కూడ ఆలస్యము లేదు. క్షమించమని అడుగవలెనని రెండు మూడుసార్లు వెళ్లి, కాఫీ త్రాగి తిరిగి వచ్చాను. ఇల్లు ఖాళీ చేయునప్పుడు ఆమె కొడుకు నన్ను పిలిచి అటక మీద నుండి డబ్బా దింపాడు. ఆరు కత్తులు ప్లాస్టికు తొడుగులలోనే మెరయుచుండెను. కత్తెర లేదు, చదువుకొను రోజులలో తానే తీసికొన్నానన్నాడు. చెక్క పలకను ఆమె నీళ్ల బిందె మీద మూతగా పదునారు సంవత్సరములు వాడినది, మధ్యలో గుండ్రని తడి మచ్చ పడి యున్నది. కత్తిపీట అలుగు అరిగి అరిగి నెలవంకవలె సన్నబడినది. దానిని కోడలు అడిగి తీసికొన్నది.